విన్నాను, అర్థమైనది

పుస్తకాలు చదవకుండా తప్పించుకోవడానికి మానవజాతి ఇప్పటివరకు కనిపెట్టిన సాధనాలన్నిటిలోకీ ఆడియోబుక్ అత్యున్నతమైనదని ఈ వ్యాసకర్త సవినయంగా ప్రకటిస్తున్నాడు. పుస్తకం కొని అలమరలో పెట్టడం పాత పద్ధతి. దాని మీద దుమ్ము పడుతుంది, ఆ దుమ్ము చూసి ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి అంటారు. ఆడియోబుక్ మీద దుమ్ము పడదు. పైగా చెవిలో తీగలు పెట్టుకుని బస్సు కిటికీకి తలానించి కళ్లు మూసుకున్న మనిషిని నిద్రపోతున్నాడని ఎవరూ రుజువు చేయలేరు.

నేను ఈ సాధనాన్ని ఆశ్రయించడానికి కారణం ఖమ్మం పఠనాభ్యుదయ సమితి. ఇందులో నేను పదకొండేళ్లుగా విమర్శ విభాగం కన్వీనర్ని. (విభాగంలో నేనొక్కణ్నే. అయినా ప్రతి ఏడూ ఎన్నిక జరుగుతుంది, ప్రతి ఏడూ నాకు భయంగానే ఉంటుంది.) సమితి ఏటా ఒక నవలను నిర్ణయిస్తుంది. మార్చి మొదటి ఆదివారం దాని మీద సభ్యులు మాట్లాడాలి. పూర్తి చేయని సభ్యుడు, నాలుగో నిబంధన ప్రకారం, పదవి వదులుకుని ఏడాదిపాటు సభల్లో టీ అందించాలి. మా మాజీ కోశాధికారి మూడేళ్లుగా టీ అందిస్తున్నాడు. ఆయనకిప్పుడు పుస్తకాల కంటే అదే బాగుందట.

ఈ ఏడాది నవల పేరు ‘అనుబంధం–ఖ’. తొమ్మిది వందల పద్నాలుగు పేజీలు. ‘ఆధునికానంతర వ్యంగ్య నవల’ అని అట్ట మీదే ముద్రించారు, లేకపోతే పాఠకుడు ఇంకేదైనా అనుకునే ప్రమాదం ఉంది. కథానాయకుడు ఒక ఫైలు. ఆ ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పోతూ ఉంటుంది. తొమ్మిదో అధ్యాయం మూడో అధ్యాయానికి ముందు వస్తుంది. ఐదో అధ్యాయంలో రచయిత చనిపోతాడు, ఆరో అధ్యాయంలో ఆ విషయమై తనే ఫిర్యాదు చేస్తాడు. అడుగున ఇచ్చిన వివరణలకు మళ్లీ అడుగున వివరణలున్నాయి. మా కార్యదర్శి ఏంజెల్, కాలేజీ లెక్చరర్, దీన్ని మూడు వారాల్లో చదివి పేజీల మధ్య రంగురంగుల చీటీలు పెట్టుకుంది. నేను పదకొండు పేజీలు చదివాను. అందులో నాలుగు రచయిత కావాలనే ఖాళీగా వదిలినవి. ఆ నాలుగూ నాకు బాగా పట్టుబడ్డాయి.

అందుకని ఆడియో కొన్నాను. నలభై ఆరు గంటలు. మొదటి ఆదివారం ఇంట్లో కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాను.

“వింటున్నరా, పండుకున్నరా?” అని మా ఆవిడ రాజ్యశ్రీ అడిగింది.

“వింటున్న.”

“పాల ప్యాకెట్ తెమ్మని మూడుసార్లు చెప్పిన. అదెందుకు వినపడలే?”

అది నవలలో లేదని చెప్పాను. ఆ రోజు నుంచి నవల బస్సులోనే వినాలని ఇంట్లో తీర్మానమైంది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పక తప్పదు. పాల్వంచలో ఇల్లు, సారపాకలో ఆఫీసు, మధ్యలో అడవి. నేను గృహాస్తిత్వ నిర్ధారణ విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఉన్న ఇళ్లను ఉన్నాయని చెప్పడం మా పని. మేం చెప్పేదాకా ఇల్లు లేనట్టే లెక్క, కరెంటు మీటరు రాదు. ఇందుకోసం ‘ఇల్లుంది’ అని ఒక యాప్ కూడా ఉంది. దరఖాస్తు పెట్టిన మనిషి ముందుగా అందులో శ్రవణాంగీకార నియమావళిని మొదటి నుంచి చివరిదాకా వినాలి. అరవై నాలుగు నియమాలు, ముప్పై ఎనిమిది నిమిషాలు. దరఖాస్తు నంబరు కొడితే చాలు, అదే మొదలవుతుంది. మధ్యలో ఆగితే మళ్లీ ఒకటో నియమం. చివర్లో ‘విన్నాను, అర్థమైనది’ అన్న బటన్ వస్తుంది. నిమిషంలోపు నొక్కాలి. నొక్కకపోతే ‘విన్నారు, అంగీకరించలేదు’ అని నమోదై ఫైలు మూతపడుతుంది. నలభై ఒకటో నియమం ప్రకారం మళ్లీ దరఖాస్తుకు ఏడాది ఆగాలి. అరవై మూడో నియమం ప్రకారం దీన్ని సడలించే అధికారం ఎవరికీ లేదు.

ఈ నియమావళి రాసింది నేనే. నాలుగేళ్ల కిందట, ఫ్యాను తిరగని గదిలో, రెండు మధ్యాహ్నాల్లో రాశాను. రాశాక మళ్లీ చదవలేదు. (ఎవరైనా ఎందుకు చదువుతారు?) దాన్ని చదివే గొంతు మనిషిది కాదు, కంప్యూటరుది. బ్యాంకుకు ఫోన్ చేసినా, గ్యాస్ బుక్ చేసినా, ఖమ్మంలో కొత్త దవాఖానా లిఫ్టు ఎక్కినా వినపడే ఆ అమ్మాయే. ‘అనుబంధం–ఖ’ చదివింది కూడా ఆ అమ్మాయే. ఈ దేశంలో ఆమె ఒక్కతే పని తప్పించుకోకుండా చేస్తున్నట్టుంది.

గురువారాలు దరఖాస్తుదారుల రోజు. గురువారాల్లో మధ్యదారిలో గుట్టకింది గుంపు దగ్గర రామక్క బస్సెక్కుతుంది. గుంపులో ఏడిళ్లు. ఆరింటికి కాగితాలున్నాయి. ఏడోది రామక్కది. ఉపగ్రహం తీసిన ఫొటోలో ఆ చోట చింతచెట్టు కొమ్మలున్నాయి, ఇల్లు లేదు. చెట్టు కొట్టేస్తే ఇల్లు కనపడుతుంది, కానీ చెట్టు కొట్టడానికి ఇంకో విభాగం అనుమతి కావాలి, వాళ్లు ఇంటి కాగితం అడుగుతారు. రామక్క భర్త గోపాలుకు ఆయాసం. దవాఖానాలో ఆవిరి పట్టే మిషను ఇచ్చి పంపారు. దాన్ని పెట్టుకోవడానికి ఇంట్లో కరెంటు లేదు. ఆయాసం వచ్చినప్పుడల్లా ఆయన్ను పట్టుకుని రోడ్డు మీది కిరాణా కొట్టుదాకా నడిపించుకు రావాలి. కొట్టు తీసి ఉంటే ఊపిరి అందుతుంది.

రామక్క అప్పటికి నియమావళిని పంతొమ్మిది సార్లు విన్నది. ఒక్కసారీ చివరిదాకా వినలేదు, ప్రతిసారీ సిగ్నల్ పోయింది. జిల్లాలో ఆమెకున్నంత వినికిడి అనుభవం ఇంకెవరికీ లేదని నా అభిప్రాయం.

“ఏం వింటున్నవ్ సారూ, పాటలా?” అని మొదటి గురువారం పక్కన కూర్చుని అడిగింది.

“కాదు రామక్కా. నవల. చాలా కష్టమైన నవల.”

“కష్టమైతే ఎందుకు వింటున్నవ్?”

ఈ ప్రశ్న గురించి సమితి నిబంధనల్లో ఏమీ లేదు. సాహిత్యాన్ని అడవిదాకా తీసుకెళ్లాలని మాత్రం ఒక తీర్మానం ఉంది. ఎడమ చెవి తీగ తీసి ఆమెకిచ్చాను. ఆ సమయానికి ఫైలు ఏడో బల్ల మీదుంది, గుమస్తా దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని తింటున్నాడు. రామక్క పకపకా నవ్వింది. బస్సంతా తిరిగి చూసింది.

“ఏందక్కా, గంత నవ్వొచ్చింది?” అని కండక్టరు అడిగాడు.

“సారోళ్ల ఆఫీసు కత వస్తంది తమ్మీ. ఫైలు మీద పప్పు పడ్డది!”

నేను అప్పటికి పదిహేడు గంటలు విన్నాను. ఒక్కసారీ నవ్వలేదు. నోటుపుస్తకం తీసి ‘ఇక్కడ నవ్వాలి’ అని రాసుకున్నాను.

రెండో గురువారం ఆరో అధ్యాయం వచ్చింది. చనిపోయిన రచయిత ఫిర్యాదు చేసే చోటు. కర్తృత్వ సంక్షోభం అని ఏంజెల్ ఫోన్లో చెప్పింది గానీ నాకు తల తిరిగింది.

“ఇది నిజంగా జరగదు రామక్కా, ఒక రకమైన ప్రయోగం” అని వివరించబోయాను.

“ఎందుకు జరగదు? మా గుంపుల జైరాం సచ్చిపోయిండని రాసిండ్రు. ఆయనే పోయి, అయ్యా నేను బతికున్న అని అర్జీ పెట్టిండు. సచ్చినోని సంతకం చెల్లదని పంపిండ్రు. గా రాసినాయన మావోడే అయ్యుంటడు.”

ఇది కూడా రాసుకున్నాను. (ఎవరన్నారో రాయలేదు. విమర్శలో అది సంప్రదాయం.) అలా నా ప్రసంగం తయారైంది. ఆమె నవ్విన చోటల్లా నేను ఒక పేరా రాశాను.

మూడో గురువారం సభకు ముందు ఆఖరి గురువారం. రామక్క బస్సెక్కుతూనే అంది, “సారూ, జర నా కాయితం ఏడున్నదో ఫోన్ల చూడు. ఎండలు ముదిరితే గోపాలు అంత దూరం నడవలేడు. మొన్న సగం దారిలనే కూలబడ్డడు.”

పాపం అనిపించింది. యాప్ తెరిచి ఆమె దరఖాస్తు నంబరు కొట్టాను. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. అది ఎప్పటికి ఆగుతుందో ఉద్యోగిగా నాకు తెలుసు కాబట్టి ఫోను జేబులో పెట్టుకుని, ఆమెకు ఎడమ చెవి ఇచ్చి, నవల వినసాగాను. అడవి మధ్యలోకి రాగానే సిగ్నల్ పోయింది. నవల ఆగింది. కాసేపు నిశ్శబ్దం. (నిశ్శబ్దం ఈ రచయిత బలమని అట్ట వెనక ఉంది.) ఆ తర్వాత సిగ్నల్ తిరిగొచ్చినట్టుంది, అదే అమ్మాయి గొంతు మొదలైంది.

“నియమం ఒకటి. దరఖాస్తుదారు తనకు ఇల్లు ఉన్నదని మొదట తనకు తాను రుజువు చేసుకొనవలెను.”

నేను నిటారుగా కూర్చున్నాను.

“నియమం ఏడు. ఇల్లు అనగా, ఇల్లు కాదని ఈ విభాగము ఇంకను చెప్పనిది. నియమం పంతొమ్మిది. తనిఖీ సమయమున తలుపు తీసి ఉన్నచో ఖాళీ ఇల్లుగాను, తలుపు వేసి ఉన్నచో ఎవరూ లేని ఇల్లుగాను పరిగణింపబడును.”

అబ్బ, ఏం రచన! ఇరవై ఆరు గంటల తర్వాత మొదటిసారి నాకు నవ్వొచ్చింది. ఇంత కఠినంగా, ఇంత నిర్దయగా, ముఖంలో ఒక్క గీత కదలకుండా రాయడం మాటలా? సరిగ్గా అప్పుడే జామాయిల్ కర్రల లారీ ఒకటి రోడ్డుకడ్డంగా ఆగిపోయి మా బస్సూ ఆగింది. నాకు ఆనందమే వేసింది. పక్కకు చూస్తే రామక్క చేతులు కట్టుకుని కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. ప్రతి వాక్యం ఆ గొంతు కంటే ఒక క్షణం ముందే ఆమె నోట్లోంచి వస్తోంది. నవల తర్వాతి వాక్యాన్ని ముందే ఊహించగల పాఠకురాలిని నేను అంతవరకు చూడలేదు.

“నవ్వట్లేదేంది రామక్కా? ఇదే కదా అసలు చోటు!”

“గిది నవ్వేటిది కాదు గద సారూ” అంది మెల్లగా.

ఎంత తెలివైనదైనా సున్నితమైన వ్యంగ్యం అందరికీ అందదని నాకు జాలేసింది. లారీ కదిలింది, బస్సు కదిలింది, అధ్యాయం మాత్రం ఎక్కడా తెగలేదు. సారపాక దగ్గర పడుతుండగా గొంతు ఆఖరి మాట చెప్పింది. “మీకు అర్థమైనచో, ‘విన్నాను, అర్థమైనది’ అను బటన్ నొక్కండి. మీకు ఒక నిమిషము గడువు కలదు.”

రామక్క నా మోచెయ్యి పట్టుకుంది. “అయిపాయె సారూ! మొత్తం అయిపాయె! ఒక్కసారి గూడ ఆగలే! నొక్కు!”

నేను చిరునవ్వు నవ్వాను. పదకొండేళ్ల కన్వీనర్ చిరునవ్వు అది. “రామక్కా, అక్కడే ఉంది కిటుకు. రచయిత మనల్ని లొంగదీసుకోవాలని చూస్తున్నాడు. నొక్కితే మనం ఓడినట్టు. నిజమైన పాఠకుడు నొక్కడు.”

“నొక్కు సారూ. నీ కాళ్లు మొక్కుత.”

సాహిత్యం మనిషిని ఇంతగా కదిలిస్తుందా అని నా ఒళ్లు జలదరించింది. ఫోను మాత్రం జేబులోంచి తీయలేదు. ఆమె నా వైపు కాసేపు చూసింది. తర్వాత చెవిలోంచి తీగ తీసి, చుట్టి, నా చేతిలో పెట్టింది.

“నీ ఇష్టం సారూ” అని కిటికీ వైపు తిరిగింది.

జేబులో ఫోను ఒకసారి టింగుమంది. ఆఫీసు మెసేజ్ అయ్యుంటుందని చూడలేదు. రామక్క ఆ రోజు ఆఫీసు లోపలికి రాలేదు, ఎదురుగా ఆగి ఉన్న బస్సెక్కి వెనక్కి వెళ్లిపోయింది.

ఆదివారం ఉదయం ఖమ్మంలో సభ. అధ్యక్షులు షాలేమ్‌రాజు గారు, రిటైర్డ్ హెడ్మాస్టరు, ముందు వరుసలో కూర్చున్నారు. నేను నలభై నిమిషాలు మాట్లాడాను. చనిపోయినవాడి సంతకం మాట చెప్పినప్పుడు ఏంజెల్ రాసుకోవడం చూశాను. చివర్లో నా బ్రహ్మాస్త్రం తీశాను. “ఈ నవలకు గుండెకాయ నియమావళి అధ్యాయం” అని, ఏడో నియమం, పంతొమ్మిదో నియమం, నలభై ఒకటో నియమం చదివి వినిపించాను. సభ విరగబడి నవ్వింది. టీ అందించే మాజీ కోశాధికారి కూడా కప్పులు కింద పెట్టి నవ్వాడు.

“ఏ పేజీ సర్?” అంది ఏంజెల్.

ఆడియోలో పేజీలుండవన్నాను. ఆమె చీటీలన్నీ వెతికింది. పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పింది. (ఈ నవలను రెండు రకాలుగానూ చదవవచ్చు.) “ఈ అధ్యాయం పుస్తకంలో లేదు సర్” అంది.

అప్పుడు షాలేమ్‌రాజు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ లేచారు. “పుస్తకంల ఎట్లుంటది? ఇది మా తమ్ముని ఇంటి మీటరు కోసం నేను విన్నది. ‘ఇల్లుంది’ యాప్‌ల. ఆరుసార్లు విన్న. పంతొమ్మిదో నియమం కాడ ఫోను గోడకేసి కొట్టిన. ఇంతకు అది రాసినోడెవడో తెలుసా వెంకటరామారావు గారూ? వాడు దొరికితే ఒక మాట అడిగేదుంది.”

“నేనే” అన్నాను.

షాలేమ్‌రాజు గారు కళ్లద్దాలు పెట్టుకుని నన్ను చూశారు. తర్వాత ఏంజెల్ నా నియమాలను మళ్లీ ఒకసారి చదవమంది. చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇరవై నిమిషాల చర్చ తర్వాత సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. వ్యంగ్యం రాస్తున్నానని తెలిసి రాసే ఏ రచయితా ఇంత బాగా రాయలేడు కాబట్టి, ‘అనుబంధం–ఖ’ కంటే శ్రవణాంగీకార నియమావళే ఉత్తమ రచన. రచయితకు శాలువా. నవల పూర్తి చేయలేదన్న సంగతి శాలువా కింద కప్పబడిపోయింది.

శాలువా భుజాల మీద పడుతున్నప్పుడు నాకు బస్సులో రామక్క అన్న మాట వినపడింది. నొక్కు సారూ. ఫోను తీసి గురువారం నాటి మెసేజ్ చూశాను. ‘దరఖాస్తుదారు: రామక్క, గుట్టకింది గుంపు. విన్నారు, అంగీకరించలేదు. ఫైలు మూయబడినది.’ నాకు సిగ్గేసింది. ఇంతవరకు చెప్పినదంతా ఎలా చెప్పినా, ఇది మాత్రం మామూలుగానే చెబుతున్నాను. నిలువునా సిగ్గేసింది.

సోమవారం ఉదయమే పై అధికారికి లేఖ రాశాను. తప్పు ఉద్యోగిది, దరఖాస్తుదారుది కాదు, ఫైలు తెరవండి అని. బుధవారానికే జవాబొచ్చింది. (మా విభాగంలో ఇంత జల్దీగా వచ్చిన జవాబు ఇదొక్కటే.) అరవై మూడో నియమం ప్రకారం సడలించే అధికారం తమకు లేదని, నియమాన్ని ఇంత పకడ్బందీగా రాసిన ఉద్యోగి అదే కార్యాలయంలో ఉండడం గర్వకారణమని అందులో ఉంది.

గురువారం రామక్క వచ్చింది. నా బల్ల ముందు నిలబడింది.

“కాయితం మూసేసిండ్రట గద సారూ.”

“ఏడాది ఆగాలంట రామక్కా. తప్పు నాదే. ఆ రోజు బస్సులో వచ్చింది నవల అనుకున్నాను.”

“నువ్వు నా కోసమే పెట్టినవనుకున్న” అంది. నా బల్ల మీది ఫైళ్లు చూసి, “గా కతల ఫైలు ఇప్పుడు ఏ బల్ల మీదున్నది?” అని అడిగింది.

“పదకొండో బల్ల. ఇంకా ఇరవై గంటలుంది.”

“గంటలేనా? నయమే.”

కూర్చోమని స్టూలు చూపించాను. కూర్చోలేదు. “ఆ రూల్సు రాసింది కూడా నేనే రామక్కా” అని చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు, తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండును అనుకున్నాను. ఆమె తల ఊపింది.

“అవ్, నిన్న మా జైరాం చెప్పిండు. ఖమ్మంల నీకు శాలువా కప్పిండ్రట గద, ఫోన్ల ఫొటో వచ్చింది. గోపాలును అడిగిన, ఏడాది ఆగుతవా అని. సారునే అడుగు, రాసింది ఆయనే గద, ఆగొచ్చో లేదో అండ్ల ఏమన్న రాసిండేమో అన్నడు.”

ఇది న్యాయమైన ప్రశ్న. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, తీగలు రెండు చెవుల్లోనూ పెట్టుకుని, నా లాగిన్‌తో యాప్ తెరిచి, నియమావళిని మొదటిసారిగా మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ముప్పై ఎనిమిది నిమిషాలు. తలుపుల గురించి ఉంది, గోడల గురించి ఉంది, చెట్టు కొమ్మల గురించి మూడు నియమాలున్నాయి. ఊపిరి గురించి ఎక్కడా లేదు. బెంచీ మీద రామక్క నా ముఖంలోకే చూస్తోంది. అర్థమైతే నొక్కమంది ఆ అమ్మాయి.

నాకు అర్థమైంది. నొక్కాను.

అరనిమిషంలో మెసేజ్ వచ్చింది. పాల్వంచలో నాకు ఇల్లున్నదని విభాగం నిర్ధారించింది. మీటరు బిగించడానికి రేపు మనిషి వస్తాడట.